ముందు ఏ పని... తర్వాత ఏ పని?

మిషన్ అదే, మనిషి అదే, పనులూ అవే. వరస ఒక్కటి మారిస్తే పది గంటలు మిగలొచ్చు. పుంగనూరు వెల్డింగ్ షెడ్డుకూ, మదనపల్లె రంగుల తొట్టికీ, కుప్పం గ్రానైట్ యూనిట్‌కూ పనికొచ్చే ఈ లెక్క మీకు ఉద్యోగం కూడా తెచ్చిపెట్టగలదు.

జూన్ మొదట్లో పుంగనూరులోనో, ఆ చుట్టుపక్కల ఏ మండల కేంద్రంలోనో ఓ వెల్డింగ్ షెడ్డు ముందు కాసేపు నిలబడి చూడండి. వేరుశనగ విత్తే కాలం దగ్గరపడుతుంటుంది. గొర్రు తెచ్చి ఒకరు, గుంటక తెచ్చి ఇంకొకరు, ట్రాక్టర్ ట్రాలీ లాక్కొచ్చి మరొకరు. అందరిదీ ఒకటే మాట: ‘అన్నా, నాదెప్పుడిస్తావు?’ షెడ్డాయనదీ ఒకటే మాట: ‘రేపు రాప్పా.’

ఆ ‘రేపు’ నిజంగా రేపేనా అన్నది ఆయన ఎంత వేగంగా పనిచేస్తాడన్న దానికన్నా, ఏ పని ముందు పట్టుకుంటాడన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మెకానికల్ చదివేవాళ్లకు ఇది కొత్త కాదు. సీక్వెన్సింగ్, షెడ్యూలింగ్ అని ఓ యూనిట్ ఉంటుంది. ఏ పని తర్వాత ఏ పని అన్నది సీక్వెన్సింగ్. ఆ పని ఏ మిషన్ మీద ఎన్ని గంటలకు ఎక్కి ఎన్ని గంటలకు దిగుతుందన్నది షెడ్యూలింగ్. పరీక్షకు రెండు లెక్కలు బట్టీ పట్టి వదిలేస్తాం. నిజానికి ఆ యూనిట్‌లో ఉన్నంత బతుకు సిలబస్‌లో చాలా చోట్ల ఉండదు. కావాలంటే ఆ షెడ్డు లెక్కే వేసి చూద్దాం.

షెడ్డులో ఐదు పనులు

అంకెలు మనం ఊహించుకున్నవే. వెల్డింగ్ సెట్ ఒకటి, మనిషి ఒకడు, రోజుకు 8 గంటల పని. వచ్చిన వరసలో ఐదు పనులు: ట్రాలీకి 16 గంటలు పడుతుంది, 18వ గంటకల్లా ఇస్తానని మాట ఇచ్చాడు. గొర్రుకు 6 గంటలు, 24వ గంటకు ఇవ్వాలి. ఇంటి గేటుకు 10 గంటలు, 40కి ఇవ్వాలి. గుంటకకు 2 గంటలే, 22కి ఇవ్వాలి. కల్టివేటర్‌కు 4 గంటలు, 26కి ఇవ్వాలి.

ముందొచ్చినవాళ్లకు ముందు అన్న లెక్కన చేస్తే పనులు 16, 22, 32, 34, 38 గంటలకు పూర్తవుతాయి. సగటున ఒక్కో పనికి 28.4 గంటల నిరీక్షణ. గుంటకా కల్టివేటరూ చెరి 12 గంటలు ఆలస్యం. రెండు గంటల పనికి ఆ రైతు నాలుగు రోజులకు పైగా తిరగాలి. న్యాయంగానే కనిపిస్తుంది, కానీ పదునులో విత్తనం పడాల్సినవాడికి ఇది న్యాయం కాదు.

ఇప్పుడు చిన్న పనులు ముందు పట్టుకోండి. గుంటక, కల్టివేటర్, గొర్రు, గేటు, చివర్లో ట్రాలీ. 2, 6, 12, 22, 38. సగటు 28.4 నుంచి 16కి పడిపోయింది! చివరి పని అయ్యేది అప్పుడూ 38కే, ఇప్పుడూ 38కే. షెడ్డాయన ఒక్క నిమిషం కూడా ఎక్కువ కష్టపడలేదు. ఒకే మిషన్ మీద సగటు నిరీక్షణను ఇంతకన్నా తగ్గించే వరస ఇంకోటి ఉండదని రుజువు చేయొచ్చు. పుస్తకాల్లో దీని పేరు ఎస్‌పీటీ. సీఎస్‌ఈ వాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ఎస్‌జేఎఫ్ అని చదివేది ఇదే. అక్కడ గుంటక బదులు ప్రాసెసర్ మీదికెక్కే ప్రాసెస్ ఉంటుంది, అంతే తేడా. పనుల విలువ వేర్వేరైతే గంటలను విలువతో భాగించి, తక్కువ వచ్చిన దాన్ని ముందు చేయాలని డబ్ల్యూ.ఈ.స్మిత్ 1956లో చూపించారు.

మరి ట్రాలీ ఓనర్? ఆయనది 20 గంటలు ఆలస్యం. పైగా రోజూ ఓ చిన్న పని వస్తూనే ఉంటే ట్రాలీ రోజూ వెనక్కి పోతూనే ఉంటుంది. ‘చిన్న పనే కదా, చేసిచ్చేయ్’ అనేవాళ్లు లేని షెడ్డు ఎక్కడుంది చెప్పండి?

మూడో దారి, గడువు దగ్గరున్నది ముందు. జేమ్స్ జాక్సన్ 1955లో చెప్పిన పద్ధతి. ట్రాలీ, గుంటక, గొర్రు, కల్టివేటర్, గేటు. పూర్తయ్యేది 16, 18, 24, 28, 38కి. ఒక్క కల్టివేటర్ 2 గంటలు ఆలస్యం, మిగతావన్నీ టైముకే. సగటు నిరీక్షణ మాత్రం 24.8కి పెరిగింది. ‘అందరికన్నా ఎక్కువ ఆలస్యమయ్యేవాడి ఆలస్యాన్ని వీలైనంత తగ్గించాలి’ అనుకుంటే దీన్ని మించిన వరస లేదు.

బాగుంది కదా. ఇప్పుడు పొద్దున్నే కరెంటు పోయిందనుకోండి. నాలుగు గంటలు గాలికి పోయాయి. గడువు వరసనే పట్టుకుని కూర్చుంటే ట్రాలీ 20కి, గుంటక 22కి, గొర్రు 28కి, కల్టివేటర్ 32కి, గేటు 42కి అవుతాయి. గుంటక ఒక్కటే టైముకు. నలుగురితో మాట పడాలి. జె.ఎం.మూర్ 1968లో ఇలాంటి చోటే ఒక ఉపాయం చెప్పారు: గడువు వరసలో వెళ్తూ ఎక్కడ మొదటి ఆలస్యం తగిలిందో అక్కడ ఆగి, అప్పటిదాకా ఉన్నవాటిలో అన్నింటికన్నా పొడవైన పనిని తీసి చివరికి నెట్టేయండి. ఇక్కడ అది ట్రాలీ. నెట్టేస్తే గుంటక 6కి, గొర్రు 12కి, కల్టివేటర్ 16కి, గేటు 26కి అయిపోతాయి. నాలుగూ టైముకే. ట్రాలీ ఒక్కటే 42కి, అంటే గడువు దాటి 24 గంటలు, మూడు పనిదినాలు.

నలుగురిని తలా కొంచెం నొప్పించాలా, ఒక్కడిని గట్టిగా నొప్పించాలా? దీనికి ఏ సూత్రమూ జవాబు చెప్పదు. ట్రాలీ ఆయన ఇసుక తోలుకునే మనిషైతే ఆయనకు మూడు రోజుల సంపాదన పోతుంది. ఇంట్లో ఇంకో ట్రాలీ ఉన్న ఆసామి అయితే ఈ పొద్దే ఓ ఫోన్ చేసి చెబితే సరిపోతుంది. అది తేల్చాల్సింది మనిషే. సూత్రాల పని ఏమిటంటే, ఎవరికి ఎంత నష్టమో ముందే అంకెల్లో చూపించడం. చాలామంది విద్యార్థులు సూత్రం నేర్చుకుంటారు కానీ, దేన్ని తగ్గించడానికి ఆ సూత్రం అన్నది మర్చిపోతారు. ఇంటర్వ్యూలో దొరికిపోయేదీ అక్కడే.

రంగు తర్వాత రంగు

వెల్డింగ్ సెట్‌కు గేటు తర్వాత గుంటక వచ్చినా, గుంటక తర్వాత గేటు వచ్చినా తేడా ఉండదు. అన్ని మిషన్లూ అంత మంచివి కావు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గాల వీధుల గురించి మీకు తెలిసే ఉంటుంది. పట్టు నూలు మగ్గమెక్కే ముందు రంగు పడాలి కదా. ఒకే తొట్టిలో ఒకదాని తర్వాత ఒక రంగు వేయాల్సి వస్తే, అక్కడ ఖర్చంతా రంగుకూ రంగుకూ మధ్యలో ఉంటుంది.

నలుపు వేసిన తొట్టిలో వెంటనే మీగడ రంగు వేయలేరు. బాగా కడగాలి, నీళ్లు మార్చాలి. మీగడ తర్వాత పసుపైతే పెద్దగా కడగక్కర్లేదు. లేత నుంచి ముదురుకు వెళ్తే 10 నిమిషాలు, ముదురు నుంచి లేతకు వస్తే 60 నిమిషాలు అనుకుందాం. ఆర్డర్లు వచ్చిన వరస నలుపు, మీగడ, ఎరుపు, పసుపు. నలుపు నుంచి మీగడకు 60, మీగడ నుంచి ఎరుపుకు 10, ఎరుపు నుంచి పసుపుకు 60. మొత్తం 130 నిమిషాలు కడుగుడికే. అదే మీగడ, పసుపు, ఎరుపు, నలుపు అని వేసుకుంటే 30. వంద నిమిషాలతో పాటు అన్ని బిందెల నీళ్లూ మిగిలాయి.

ఇది చెప్పడానికి ఇంజినీరింగ్ కావాలా అంటారేమో. రంగులు అద్దేవాళ్లకు ఇది చేతిలో ఉన్న విద్యే. కాకపోతే లేత, ముదురు అన్న తేడా ఒక్కటే ఉన్నంతవరకే అది సులువు. పచ్చ, నీలం, ఊదా, కనకాంబరం అన్నీ కలిసి పది రంగులైతే, ఒక్కో జతకూ కడిగే టైము వేరైతే, సాధ్యమయ్యే వరసలు 36,28,800. పది ఊళ్లు తిరిగి రావడానికి దగ్గరి దారి వెతికే ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య గురించి విని ఉంటారు. అదే ఇది, ఊళ్ల బదులు రంగులు. పెయింట్ కంపెనీల్లో, ప్లాస్టిక్ మౌల్డింగ్‌లో, మందుల ఫ్యాక్టరీల్లో రోజూ ఎదురయ్యే ప్రశ్న. ‘సెటప్ టైమ్’ అన్న మాట వినగానే మీకు ఈ తొట్టి గుర్తుకొస్తే చాలు.

కుప్పంలో రెండు మిషన్లు

ఇప్పటిదాకా ఒక్క మిషనే. అసలు సరదా రెండోది వచ్చాకే మొదలవుతుంది. కుప్పం ప్రాంతం గ్రానైట్‌కు పేరు. కుప్పం గ్రీన్ అన్న రకమే ఉంది. క్వారీ నుంచి దిమ్మె వస్తుంది, కోత మిషన్ పలకలుగా కోస్తుంది, తర్వాత పాలిషింగ్ మిషన్ మీదికి వెళ్తుంది. కోయకుండా పాలిష్ చేయలేం. అంటే ప్రతి ఆర్డరూ ఇదే దారిలో నడవాలి. దీన్ని ఫ్లో షాప్ అంటారు.

ఓ చిన్న యూనిట్. కోత మిషన్ ఒకటి, పాలిషింగ్ మిషన్ ఒకటి, ఆర్డర్లు ఐదు. ఒకటో ఆర్డర్‌కు కోత 5 గంటలు, పాలిష్ 1 గంట. రెండోదానికి 8, 5. మూడోదానికి 6, 3. నాలుగోదానికి 4, 6. ఐదోదానికి 2, 7. ఒక ఆర్డర్ కోత మొత్తం అయ్యాకే పాలిష్‌కు వెళ్తుందనుకుందాం.

వచ్చిన వరసలోనే చేస్తే ఏమవుతుంది? కోత 5, 13, 19, 23, 25 గంటలకు పూర్తవుతుంది. పాలిష్ వైపు చూడండి. మొదటి 5 గంటలు ఖాళీ. 6కి ఒకటో ఆర్డర్ అయిపోతుంది, మళ్లీ 13 దాకా ఖాళీ. 18 నుంచి 19, 22 నుంచి 23 మళ్లీ ఖాళీ. ఆ తర్వాత నాలుగోది 29కి, ఐదోది 36కి. పాలిషింగ్ మిషన్ మొత్తం 14 గంటలు ఖాళీగా ఉంది. ఆపరేటర్ బీడీ తాగుతూ కూర్చున్నాడని ఓనర్ తిడతాడు. పాపం, తప్పు ఆయనది కాదు, వరసది.

అమెరికాలోని ర్యాండ్ సంస్థలో పనిచేసిన ఎస్.ఎం.జాన్సన్ 1954లో దీనికి ఇచ్చిన పరిష్కారం ఎంత చిన్నదంటే, సిగరెట్ పెట్టె వెనక రాసుకోవచ్చు. రెండు వరసల అంకెల్లోనూ అన్నింటికన్నా చిన్నది వెతకండి. అది కోత వైపు ఉంటే ఆ ఆర్డర్‌ను వరసలో మొదటికి, పాలిష్ వైపు ఉంటే చివరికి పంపండి. దాన్ని కొట్టేసి మళ్లీ చిన్న అంకె వెతకండి. అంతే.

మన అంకెల్లో అన్నింటికన్నా చిన్నది 1, ఒకటో ఆర్డర్ పాలిష్. అది చివరికి. తర్వాత 2, ఐదో ఆర్డర్ కోత. అది మొదటికి. తర్వాత 3, మూడో ఆర్డర్ పాలిష్. చివరి నుంచి రెండోది. తర్వాత 4, నాలుగో ఆర్డర్ కోత. మొదటి నుంచి రెండోది. మిగిలిన రెండో ఆర్డర్ మధ్యలో. వరస ఐదు, నాలుగు, రెండు, మూడు, ఒకటి.

కోత 2, 6, 14, 20, 25 గంటలకు అవుతుంది. పాలిష్ 9, 15, 20, 23, 26కి. ముప్పై ఆరు కాస్తా ఇరవై ఆరైంది. పాలిషింగ్ మిషన్ ఖాళీ 14 నుంచి 4 గంటలకు తగ్గింది. ఇంతకన్నా తగ్గుతుందా? తగ్గదు. కోతకే మొత్తం 25 గంటలు కావాలి, ఆ తర్వాత కనీసం ఒక గంట పాలిష్ తప్పదు. ఐదు ఆర్డర్లకు 120 వరసలున్నాయి. వాటిలో ఒక్కటి కూడా 26ను ఓడించలేదు.

ఎందుకు పనిచేస్తుందో గ్రహించారా? కోత తక్కువున్నవి ముందెక్కితే పాలిషింగ్ మిషన్‌కు త్వరగా మేత దొరుకుతుంది. పాలిష్ తక్కువున్నవి చివర్లో ఉంటే, కోత ఆగిపోయాక వెనక తోక పొడుగ్గా మిగలదు. బట్టీ పట్టకుండా ఈ రెండు ముక్కలు గుర్తుంటే సూత్రం మీరే తిరిగి రాబట్టుకోవచ్చు. నిజం యూనిట్‌లో పలకలు కోసినవి కోసినట్టు పాలిష్‌కు పంపితే ఇంకా టైము కలిసొస్తుంది. బ్లేడు అరిగితే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. అందుకే రోజూ పొద్దున మళ్లీ వేసుకోవాలి.

మూడోది వస్తే

పాలిష్ తర్వాత అంచులు కోసే మిషన్ కూడా కలిపామనుకోండి. రెండింటికి అంత అందంగా కుదిరిన సూత్రం మూడింటికి, కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, కుదరదు. 1976లో గేరీ, డి.ఎస్.జాన్సన్, రవి సేథీ అనే ముగ్గురు ఈ మూడు మిషన్ల సమస్య ఎన్‌పీ-కంప్లీట్ అని తేల్చారు. అంటే ఆర్డర్లు పెరిగేకొద్దీ కచ్చితమైన జవాబును త్వరగా ఇచ్చే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు, ఉంటుందన్న ఆశా తక్కువే. (ఈ జాన్సన్ వేరు, 1954 జాన్సన్ వేరు. రవి సేథీ అంటే సీఎస్‌ఈ వాళ్లు కంపైలర్లకు చదివే ‘డ్రాగన్ బుక్’ రచయితల్లో ఒకరైన ఆయనే.)

ఇక ఒక్కో పని ఒక్కో దారిలో తిరిగే లేత్, మిల్లింగ్, డ్రిల్లింగ్ షాపుల సంగతి చెప్పక్కర్లేదు. 1963లో ఒక పుస్తకంలో పది పనులు, పది మిషన్ల లెక్క ఒకటి అచ్చైంది. చూడ్డానికి అరపేజీ. దానికి అతి తక్కువ సమయం 930 అని రుజువుతో సహా కార్లియే, పిన్సన్ ప్రచురించింది 1989లో! పాతికేళ్లకు పైగా ప్రపంచంలోని మేధావులంతా దాని చుట్టూ తిరిగారు. కాబట్టి మీ షాపులో మేస్త్రీ వేసిన వరస పర్‌ఫెక్ట్ కాదని నవ్వకండి.

అందుకే పరిశ్రమల్లో ‘అన్నింటికన్నా మంచిది’ బదులు ‘త్వరగా దొరికే మంచిది’ వెతుకుతారు. నవాజ్, ఎన్‌స్కోర్, హామ్ 1983లో చెప్పిన ఎన్‌ఈహెచ్ పద్ధతి అలాంటిదే. అన్ని మిషన్ల మీదా కలిపి ఎక్కువ గంటలు పట్టే ఆర్డర్‌ను ముందు తీసుకోండి. తర్వాతి పెద్దదాన్ని దాని ముందు, వెనక పెట్టి చూసి ఏది నయమైతే అది ఉంచండి. ఇలా ఒక్కోదాన్ని ఉన్న వరసలో అన్ని సందుల్లోనూ పెట్టి చూస్తూ పోవడమే. రెండో ఏడాది విద్యార్థి ఓ సాయంత్రం కూర్చుంటే పైథాన్‌లో రాసేయొచ్చు. గూగుల్ ఉచితంగా ఇస్తున్న ఓఆర్-టూల్స్ వాడితే ఇంకా పెద్ద లెక్కలు చేయొచ్చు.

ఉద్యోగం ఎక్కడ?

ఫ్యాక్టరీల్లో ఈ పని చేసే విభాగాన్ని పీపీసీ అంటారు, ప్రొడక్షన్ ప్లానింగ్ అండ్ కంట్రోల్. ప్రొడక్షన్ ప్లానర్, ప్లానింగ్ ఇంజినీర్, షాప్ ఫ్లోర్ సూపర్‌వైజర్, సప్లై చెయిన్ అనలిస్ట్... పేరేదైనా పొద్దున్నే తేల్చాల్సిన ప్రశ్న ఒకటే. కుప్పం నుంచి పొద్దున రైలెక్కి బెంగళూరు వెళ్లేవాళ్లు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండే ఉంటారు. హోసూరు, కోలార్ వైపు నర్సాపుర, ఇటు శ్రీసిటీ... మన మూడు ఊళ్ల వాళ్లకు అందే దూరంలో మిషన్లకు కొదవలేదు. చిన్న యూనిట్లలో ప్లానర్ అన్న పోస్టే ఉండదు, ఓనరో మేస్త్రీయో బుర్రలో వేసుకుంటారు. అక్కడ అప్రెంటిస్‌గా చేరిన కుర్రాడు ఓ కాగితం మీద గాంట్ చార్ట్ గీసి గోడకు అంటిస్తే, అదే తన రెజ్యూమెలో మొదటి లైను అవుతుంది.

ఐటీఐ, డిప్లొమా వాళ్లకు గంటలు కొలవడం, చార్ట్ గీయడం, ఎక్సెల్ చాలు. బీటెక్ మెకానికల్ వాళ్లకు గేట్ సిలబస్‌లో ప్రొడక్షన్ ప్లానింగ్, ఆపరేషన్స్ రీసెర్చ్ రెండూ ఉన్నాయి. ఇష్టం కుదిరితే ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేయొచ్చు. ఒకప్పటి నిటీ, 2023 నుంచి ఐఐఎం ముంబయిగా మారిన సంస్థకు ఈ రంగంలో పాత పేరుంది. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ జి.శ్రీనివాసన్ ఆపరేషన్స్ రీసెర్చ్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా దొరుకుతాయి. బోర్డు మీద ఒక్కో లెక్కా నింపాదిగా చేసి చూపిస్తారు. ఇంగ్లిష్ భయపెట్టేదేం కాదు. బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ వాళ్లకూ ఇది సొంత పొలమే, మెకానికల్ వాళ్లదే అనుకోకండి.

పుస్తకం తెరిచే ముందు ఒక పని చేయండి. సెలవుల్లో ఇంటి దగ్గరి ఏదైనా షెడ్డుకో, ప్రింటింగ్ ప్రెస్‌కో, గ్రానైట్ యూనిట్‌కో వెళ్లి వారం రోజులు కూర్చుంటానని ఓనర్‌ను అడగండి. గళ్ల నోటుబుక్కు, గడియారం చాలు. ఏ పని ఎప్పుడొచ్చింది, ఎప్పుడు మిషనెక్కింది, ఎప్పుడు దిగింది... మూడు గడులు. హెన్రీ గాంట్ వందేళ్ల క్రితం చేసినట్టే మిషన్‌కో గీత, పనికో పట్టీ గీయండి. మధ్యలో తెల్లగా మిగిలిన గళ్లే మీ ప్రాజెక్టు. మొదటి రోజే సలహాలు ఇవ్వకండి, ఎవరూ వినరు. ఆ పని ముందెందుకు పట్టుకున్నారో మేస్త్రీని అడగండి. ‘ఆయన పెండ్లి పెట్టుకున్నాడప్పా, గేటు లేకుంటే ఎట్ల?’ అంటాడు. మీ పట్టికలో లేని కాలమ్ అది. రాసుకోండి.

ఈలోగా చేతికి పని కావాలంటే ఒక ప్రశ్న. పైన మన కుప్పం యూనిట్ ఐదు ఆర్డర్లను 26 గంటల్లో ముగించింది కదా. పని ఇంకా మొదలుకాకముందే ఆరో ఆర్డర్ వచ్చింది. కోత 3 గంటలు, పాలిష్ 4 గంటలు. ‘చివర్లో చూద్దాంలే’ అని తోక దగ్గర పెడితే మొత్తం 32 గంటలవుతుంది. సరైన చోట పెడితే 29కే అయిపోతుంది. ఆ చోటేదో గళ్ల కాగితం మీద గీసి చూడండి.